మీటరమ్మ కోటు

ఆసుపత్రి నుంచి కబురు వచ్చేసరికి కోడలు కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో కూర్చుని ఒక అద్దం అంచు అరగదీస్తోంది. ఫోను చేసింది ఆమె భర్త. అమ్మని ఎల్లుండి ఇంటికి పంపించేస్తున్నారనీ, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసిందనీ, నర్సుతో పోట్లాట కూడా పెట్టుకుందనీ గడగడా చెప్పుకుపోయాడు. కోడలికి నిజంగానే సంతోషం కలిగింది. మూడు వారాల కిందట నోరు తెరుచుకుని పడి ఉన్న మనిషి లేచి నర్సుతో పోట్లాడిందంటే ఎవరికి సంతోషం కలగదు? కానీ ఆ సంతోషం ఇంకా కుదురుకోకముందే కోటు గుర్తొచ్చింది. చేతిలోని అద్దం తిరుగుతున్న రాయి మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగిపోయింది. తీసి ఫ్రేములో పెడితే వదులై గలగలలాడింది. ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె పాడుచేసిన మొదటి అద్దం అది.

అత్తగారి కోటు ఇప్పుడు కోటుగా లేదు. డెబ్బై రెండు చదరపు ముక్కలై, అత్తగారివే మరికొన్ని బట్టల ముక్కల మధ్య చేరి, కోడలి కుట్టు మిషను పక్కన చలికాలపు బొంతకి పై పొరగా మడతపెట్టి ఉంది.

బొంతలు కుట్టడం కోడలి సరదా. వానాకాలానికి రెండు పొరల బొంత, చలికాలానికి మధ్యలో దూది పరిచిన బరువైనది, ఎండాకాలానికి దుప్పటిలాంటి పలచనిది, ఏడాదికి మూడు తప్పకుండా కుట్టేది. ఆ ఇంట్లో పాత బట్టకి ప్రాణగండం ఉండేది. లిఫ్టులు బాగుచేసే భర్త తనకిష్టమైన రెండు చొక్కాలని పనిముట్ల పెట్టెలో రెంచీల కింద దాచుకునేవాడు. అత్తగారు దాచుకునేది కాదు. నా అలమర జోలికొచ్చావంటే వేళ్ళు విరుస్తానని నవ్వుతూనే చెప్పేది. ఆ నవ్వులో నిజం కూడా ఉందని ఇద్దరికీ తెలుసు.

అత్తగారు ముప్పై ఏళ్ళు నీటి మీటర్లు చదివే ఉద్యోగం చేసింది. ఇంటింటికీ వెళ్ళి, గోతి మూత ఎత్తి, టార్చి వేసి, అంకె చూసి పుస్తకంలో రాసుకోవడం పని. కొంచెం తగ్గించి రాయమ్మా అని బతిమాలినవాళ్ళకి "ఎంతుంటే అంత" అని ఒకటే జవాబు. చుట్టుపక్కల నాలుగు పేటల్లో ఆమెని మీటరమ్మ అనే పిలిచేవాళ్ళు. ఆ నీలం ఉన్ని కోటు ఆఫీసువాళ్ళు ఇచ్చింది. పుస్తకానికో జేబు, టార్చికో జేబు. రిటైరైన తర్వాత కూడా అది తగిలించుకోకుండా గడప దాటేది కాదు. ఎండలకి వెలిసి, వానలకి నాని, ముప్పై ఏళ్ళకి ఆ ఉన్ని ఎంత మెత్తబడిందంటే, బొంతలు కుట్టే మనిషి దాన్ని ముట్టుకుని ఊరుకోవడం కష్టం. కోడలికి దాని మీద చాలాకాలంగా కన్నుంది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, తనకి తాను చెప్పుకోక తప్పలేదు.

పక్షవాతం వచ్చి అత్తగారు ఆసుపత్రిలో పడ్డాక, ఇక దగ్గరివాళ్ళు వచ్చి చూసిపోవడం మంచిదని డాక్టరు చెప్పిన రోజున, ఆడపడుచు వరండాలో కోడలి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అమ్మ బట్టలతో తనకో బొంత కుట్టిపెట్టమంది. ఎప్పుడు కుట్టాలో చెప్పలేదు. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం మంచం పక్కన కూర్చునే వంతు కోడలిది. తువ్వాలు తెస్తానని, అరగంటలో వస్తానని ఇంటికొచ్చింది. తువ్వాలు కోసం అలమర తీసింది. మూడు గంటల తర్వాత తువ్వాలుతో ఆసుపత్రికి తిరిగి వెళ్ళింది. ఆ మధ్యలో ఏం జరిగిందో ఆమె కత్తెరకి తెలుసు. మొదటి కత్తిరింపు దగ్గర చెయ్యి ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.

ఫోను వచ్చిన రోజు సాయంత్రం భర్తకి మొదటిసారి ఈ సంగతి చెప్పింది. అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"అన్నీనా?"

"కోటూ, నాలుగు గౌన్లూ."

"అమ్మ బతికుండగానే?"

అతను ఆడపడుచుకి ఫోను చేశాడు. ఆడపడుచు అటు నుంచి, తను కుట్టమన్నది తర్వాతి సంగతి గానీ ఇప్పటి సంగతి కాదనీ, వదినకి ఇంత తొందరేమిటో తనకి అర్థం కావడంలేదనీ అని చేతులు దులుపుకుంది. అమ్మకి మాత్రం చెప్పొద్దంది. చెబితే గుండె ఆగిపోతుందంది. కొత్త బట్టలు తను కొనుక్కొస్తానంది. భర్తకి కూడా అదే సబబనిపించింది. కోటు లాండ్రీకి ఇచ్చామని చెబుదాం, నాలుగు రోజులు పోతే తనే మర్చిపోతుందన్నాడు. అమ్మ ఏదైనా మర్చిపోవడం అతను పుట్టాక ఒక్కసారీ చూడలేదు. అయినా అన్నాడు. కోడలు తల ఊపింది. పై పొరని పాత దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోసేసింది.

*

అత్తగారు ఇంటికొచ్చిన రోజు ముసురు పట్టింది. భర్త ఆమెని దాదాపు ఎత్తుకుని మెట్లెక్కించాడు. మనిషి సగమైపోయింది. నడుం వంగింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. మణికట్టు పిల్లల మణికట్టులా ఉంది. ఎడమ చెయ్యి సగం లేస్తుంది, ఎడమ కాలు నేలమీద ఈడుస్తుంది. నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు. ఆసుపత్రి పాలు నీళ్ళని తిట్టింది. ఇంట్లో గడియారం రెండు నిమిషాలు వెనకబడిందని కనిపెట్టింది. కుర్చీలో కూర్చోబెట్టగానే అలమర వైపు చూసి, కోటు ఇటియ్యమంది.

భర్త నీళ్ళు నమిలాడు. లాండ్రీకి ఇచ్చామన్నాడు.

"ఏ లాండ్రీ?"

"అదే... మూలమీది లాండ్రీ."

"వాడు ఉన్ని బట్ట పాడుచేస్తాడు. వాడికెందుకిచ్చారు?" అని అత్తగారు విసుక్కుంది. ఆ లాండ్రీ మీటరు తను ఇరవై ఏళ్ళు చదివిందనీ, వాడు వాడే నీళ్ళకీ ఉతికే బట్టలకీ ఎప్పుడూ పొంతన కుదరలేదనీ చెప్పింది. రేపు తెచ్చెయ్యమంది.

ఆడపడుచు కొత్త బట్టలు పట్టుకొచ్చింది. ఖరీదైనవే. రంగులు ముదురుగా, గంజి పెట్టినట్టు బిర్రుగా ఉన్నాయి. అత్తగారు ఒకటి తొడుక్కుని, ఎవరింటికో పేరంటానికొచ్చిన దానిలా బిగుసుకుని కూర్చుంది. నా పాతవేవని అడిగింది. ఇల్లు సర్దుతుంటే తడిసి బూజుపట్టాయని ఆడపడుచు చెప్పింది. ఒక అబద్ధానికి ఒకటి తోడు దొరికింది. కోడలు వంటగదిలో నిలబడి అదంతా విన్నది. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తే పోతుందనుకుంది. పాల గిన్నె కడగడం అయ్యాక చెబుదామనుకుంది. గిన్నె కడగడం అయ్యాక మరో గిన్నె దొరికింది.

కాలికి కసరత్తు చేయించే ఆయన రోజు విడిచి రోజు వచ్చేవాడు. ఆయన మూడో రోజున భర్తనీ కోడలినీ గుమ్మం దగ్గరికి పిలిచి ఒక మాట చెప్పాడు. గదిలో అటూ ఇటూ తిరిగితే చాలదట. రోజూ వీధిలో నడవాలట. చలి ముదిరేలోగా నడక అలవాటు కాకపోతే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుందట. ఆ తర్వాత ఎవరూ ఏం చెయ్యలేరట. చలి ముదరడానికి ఇంకా మూడు వారాలైనా లేదు. పొద్దున్నే కిటికీ అద్దాల మీద ఆవిరి పడుతోంది.

అత్తగారు నడవడానికి సిద్ధంగానే ఉంది. కోటు రానివ్వమంది.

శాలువా కప్పుతానన్నాడు కొడుకు. తన జర్కిన్ వేసుకోమన్నాడు. ఆమె రెండూ ఒప్పుకోలేదు. ఈ పేటలో మీటరమ్మని కోటు లేకుండా చూసినవాళ్ళు లేరంది. కాలీడ్చుకుంటూ, ఒక చెయ్యి వేలాడేసుకుని, అది చాలక కొడుకు జర్కిన్ తొడుక్కుని బయటికెళితే, అయ్యో పాపం అంటారంది. "అననీ, వాళ్ళ నోరు వాళ్ళది. కానీ నేను వినను" అంది. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపించుకుని, లాండ్రీ వైపు రోడ్డు చూస్తూ కూర్చుంది.

ఆ కూర్చోవడం కోడలు భరించలేకపోయింది. షాపు నుంచి సాయంత్రం ఇంటికొచ్చేసరికి కిటికీలో ఆ ముఖం కనిపించేది. అత్తగారి చూపు ముందు ఆమె చేతుల మీద పడేది, చేతిలో పొట్లమేదైనా ఉందేమోనని. తర్వాతే ముఖం మీదికి వచ్చేది. కోడలు రెండు రోజులు వెనక సందులోంచి ఇంట్లోకి వచ్చింది. భర్త ఏమో రోజుకో కథ అల్లాడు. లాండ్రీవాడి యంత్రం పాడైందన్నాడు. వాడి బంధువులెవరో పోయారన్నాడు. ఇంకా నయం, వాడే పోయాడనలేదు. కోడలికి ఎప్పుడో ఒకసారి నవ్వు కూడా వచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కసరత్తు చేయించే ఆయన కాలు వంచి చూసి, మొన్నటికన్నా గట్టిపడిందని ఒక కాగితం మీద రాసుకునేవాడు.

మధ్యాహ్నం ఖాళీలో, షాపులో ఆమె బట్టల కొట్టుకి ఫోను చేసి అలాంటి నీలం ఉన్ని దొరుకుతుందా అని అడిగింది. ఆఫీసువాళ్ళకి కోట్లు కుట్టిన చోటు వెతికింది. అది మూతపడి పదేళ్ళయిందట. దొరికినా ఏం లాభమని కూడా అనుకుంది. కొత్త కోటుని ముప్పై ఏళ్ళు ఎవరు తొడుక్కుని ఇవ్వాలి?

*

తొమ్మిదో రోజు కోడలు షాపు నుంచి వచ్చేసరికి కిటికీలో అత్తగారు లేదు. కుర్చీ ఖాళీగా ఉంది. కర్ర లేదు. తలుపు బార్లా తీసి ఉంది. మెట్ల కింద మాటలు వినపడి వంగి చూసింది.

లాండ్రీ అతను అత్తగారిని నడుము దగ్గర పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తున్నాడు. సన్నగా వాన పడుతోంది. అత్తగారి కొత్త గౌను మోకాళ్ళ దాకా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చెప్పు ఒకటే ఉంది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోయినా ఆ చూపుల్లో అయ్యోపాపం అంతా ఉంది.

లాండ్రీ అతను తల దించుకుని, "కోటు నా దగ్గరికి రాలేదమ్మా. ఎంత చెప్పినా నమ్మలేదు. బట్టలన్నీ తీసి చూపించాను" అన్నాడు. ఇంకేదో అనబోయి, వద్దనుకుని వెళ్ళిపోయాడు.

కోడలు తువ్వాలు తెచ్చి అత్తగారి తల తుడిచింది. పొడిబట్టలు తొడిగింది. పాదాలు వేడినీళ్ళలో పెట్టించింది. అత్తగారు ఏం చేసినా చేయించుకుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అంతసేపూ ఒక్క తిట్టు లేదు. ఆమె తిట్టకపోవడం కోడలు ఎన్నడూ ఎరగదు. కోడలు లేచి తమ గదిలోకి వెళ్ళి మంచం కింది నుంచి మూట లాగింది. దుప్పటి విప్పి, పై పొర తీసి, తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

అత్తగారు కుడిచేత్తో మడత విప్పింది. ఒక ముక్క మీద వేళ్ళు పెట్టి చూసింది. తర్వాత పక్క ముక్క. ఊదారంగు పువ్వుల గౌను. చారల గౌను. నీలం. నీలం. మళ్ళీ నీలం.

"ఎప్పుడు కోశావు?" అంది.

"మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అత్తయ్యా."

"అది తెలుస్తోంది. ఏ రోజు?"

కోడలు తడబడింది. డాక్టరు ఇక లాభం లేదని చెప్పాక అని అనొచ్చు. అదీ నిజమే. కానీ ఆ వేళ్ళు ఇంకా బట్ట మీదే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం అని చెప్పింది. ఆ మధ్యాహ్నం మీ దగ్గర కూర్చోవలసిన వంతు నాదని చెప్పింది. తువ్వాలు కోసమని వచ్చి మూడు గంటలు ఇక్కడే ఉండిపోయానని, చాలాకాలంగా ఆ కోటు మీద మనసుందని, మీ అమ్మాయి అడగడం ఒక సాకు అయిందని, దాచుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. భర్తకి కూడా చెప్పని మాటలవి. చెప్పాక తల ఎత్తలేకపోయింది.

అత్తగారు వేళ్ళ మీద రోజులు లెక్కేసుకుంది.

"ఆదివారం మధ్యాహ్నమే నాకు కళ్ళు తెరుచుకున్నాయి" అంది చివరికి. "నీళ్ళడిగాను. ఎవరూ లేరు. నర్సు రావడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ ఎన్నో రోజులు ఒళ్ళు తెలియలేదు."

కోడలు ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు, వారించలేదు. ఏడుపు తగ్గేదాకా కిటికీలోంచి వాన చూసింది.

"కోసిన రోజే చెప్పాల్సింది. తిట్టేదాన్ని. వారం పాటు మాట్లాడేదాన్ని కాదు. అయిపోయేది. నన్ను తీసుకెళ్ళి ఆ కిటికీలో కూర్చోబెట్టారు మీరంతా కలిసి. ఈ వేళ ఆ లాండ్రీవాడు నన్ను చూసి జాలిపడ్డాడు. వాడు." ఆమె ఒళ్ళోని బట్ట మడతపెట్టింది. "ఇకనుంచి నాతో ఏదైనా ఉన్నదున్నట్టు చెప్పు. నా మనసు కష్టపడుతుందని చూడకు. ఎంతుంటే అంత."

కోడలు సరేనంది. ఇక జన్మలో ఈ మనిషికి అబద్ధం చెప్పకూడదని గట్టిగా అనుకుంది. అనుకోవడంలో ఆమెకి కాస్త ఊపిరాడింది కూడా.

భర్త ఇంటికొచ్చి గుమ్మంలోనే అంతా గ్రహించి, చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయాడు. అమ్మ అతనివైపు చూడలేదు. "లాండ్రీవాడి బంధువులెవరూ పోలేదటరా" అని మాత్రం అంది.

*

మర్నాడు కోడలు షాపుకి నాలుగు రోజులు సెలవు పెట్టింది. పొద్దున్నే పై పొరని మంచం మీద పరిచి, బ్లేడు పట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కోటు మళ్ళీ కుడతానని అత్తగారితో అంది. అత్తగారు ఔననలేదు, కాదనలేదు. గంట పోయాక కుర్చీ ఈ గదిలోకి లాగమంది.

కుట్టడానికి పది రోజులు పట్టినదాన్ని విప్పడానికి రెండు రోజులు పట్టింది. మిషను కుట్టు దగ్గర దగ్గరగా పడుతుంది. బ్లేడు మొన ఒక్కొక్క పోగు కిందా దూర్చి, తెంపి, మళ్ళీ దూర్చాలి. కొంచెం తొందరపడితే బట్ట తెగుతుంది. తీసిన దారపు ముక్కలు కోడలి వేళ్ళకీ, జుట్టుకీ, అత్తగారి ఒళ్ళోకీ అంటుకున్నాయి. డెబ్బై రెండు నీలం ముక్కలు విడిపోయి ఒక దొంతి అయ్యాయి. ఏ ముక్క ఎక్కడిదో కోడలికి తెలియదు. కోసేటప్పుడు గుర్తు పెట్టుకోలేదు. బొంతకి ఆ గుర్తు అవసరం లేదు.

అత్తగారికి తెలుసు. కోడలు ఒక్కొక్క ముక్కే ఎత్తి చూపించింది. అత్తగారు వెలుతురుకి పెట్టి, తడిమి, చెప్పుకుపోయింది. ముదురుగా ఉన్న చదరం టార్చి జేబు కిందది, అక్కడ ఎండ తగలదు. నున్నగా అరిగింది కుడి మోచెయ్యి, ఇళ్ళ గోడలకి ఆనుకుని రాసుకునేదాన్ని. ఈ మరక మీటరు గోతిలో తుప్పు, ఎంత రుద్దినా పోలేదు. ఇది వీపు. ఇది కూడా వీపే, దాని కింద. ఒక ముక్క దగ్గర ఆగి, ఇది కుక్క పట్టుకున్న చోటని లోపల వేసుకున్న రఫ్ఫు చూపించింది. ఆ కుక్క యజమాని మీటరు వెనక్కి తిప్పేవాడట. ఈ మాట చెబుతూ కొద్దిగా నవ్వింది. పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కోడలు ఈ కథలు ఎప్పుడూ వినలేదు. వింటూ వింటూ, తను కోసింది బట్ట ఒక్కటే కాదని ఆమెకి బాగా తెలిసొచ్చింది.

కాలరు, జేబులు, బొత్తాలు మిషను పక్కన పీలికల సంచీలో దొరికాయి. చంకల దగ్గరి వంపు ముక్కలు మాత్రం దొరకలేదు. అవి పనికిరావని అదే రోజు బయట పారేసింది. కోడలు తన ముదురు నీలం శాలువా తీసి, తప్పిపోయిన ముక్కల కోసం కత్తిరించింది. అత్తగారు చూస్తూ కూర్చుంది.

"మరి నువ్వేం కప్పుకుంటావు?"

"ఇంట్లో బొంతలకేం తక్కువ అత్తయ్యా?"

"అదీ నిజమే" అంది అత్తగారు.

కుట్టడం మొదలుపెట్టాక కోడలికి ఒక సంగతి తట్టింది. తట్టగానే మిషను ఆగిపోయింది. ఎక్కడ రెండు ముక్కలు కలిసినా ఇటొక పావు అంగుళం, అటొక పావు అంగుళం కుట్టు లోపలికి వెళ్ళిపోతుంది. బొంతకి అది పట్టించుకోనక్కర్లేదు, ఇంకో వరస వేస్తే సరిపోతుంది. కోటుకి ఇంకో వరస లేదు. చుట్టుకొలతలో ఎనిమిది ముక్కలు. అంటే నాలుగు అంగుళాలు పోయినట్టే. పొడవులో ఆరు ముక్కలు, రెండున్నర అంగుళాలు. చేతులు కూడా అంతే. కోటు ఎంత కష్టపడి కుట్టినా చిన్నదవుతుంది. బొత్తాలు పడవు. శాలువా ముక్కలు పట్టీల్లా మధ్యలో వేద్దామంటే, ఆ శాలువాలో మిగిలింది కాలరు కిందికి కూడా చాలదు. ఎన్నో అద్దాలు అరగదీసిన మనిషి ఆమె. ఒకసారి తగ్గింది మళ్ళీ పెరగదని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉన్నదున్నట్టు చెబుతానన్న మాట గుర్తుంది. కుర్చీలో అత్తగారు బొత్తాలు గుడ్డతో తుడుస్తోంది. ఇప్పుడు చెబితే ఆ చెయ్యి ఆగిపోతుంది. తొడిగి చూశాక ఎలాగూ తెలుస్తుందని కోడలు తల దించుకుని కుట్టసాగింది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి అస్తరు వేయడం, బొత్తాలు కుట్టడం అయిపోయాయి. కోటు నిలువునా అడ్డంగా గళ్ళుగళ్ళుగా ఉంది. వెలిసిన ముక్క పక్కన ముదురు ముక్క, ఇస్త్రీ పెట్టె ఎంత అదిమినా కుట్టు గీతలన్నీ తేలే ఉన్నాయి. ఆడపడుచు చూడ్డానికొచ్చి, గోనె అతుకుల్లా ఉందని అననే అంది. అనేసి నాలిక్కరుచుకుంది. భర్త ఆ రోజు పనికి వెళ్ళకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు, పరీక్ష పాసవుతానో లేదో తెలియని పిల్లాడిలా.

కోడలు కోటు పట్టుకుంది. అత్తగారి ఎడమ చెయ్యి ముందు దూర్చింది, ఆ చెయ్యి సగమే లేస్తుంది కాబట్టి. తర్వాత కుడి చెయ్యి. భుజాల మీదికి లాగింది. ఇక్కడే పట్టేస్తుందనుకుంది. పట్టలేదు. ముందు వైపుకి వచ్చి, కింద మోకరిల్లి, కింది బొత్తం పెట్టింది. పడింది. రెండోది పడింది. పొట్ట దగ్గరి బొత్తం ఎప్పుడూ కొంచెం లాగితేగాని పడేది కాదు, అదీ పడింది. కాలరు దగ్గరి బొత్తం పెడుతుంటే కోడలి వేళ్ళు అత్తగారి మెడ ఎముకలకి తగిలాయి. అంచు మోకాలి కింద, ఎక్కడుండాలో అక్కడే ఆగింది. ఏ దర్జీ కొలిచి కుట్టినా ఇంత సరిగ్గా అమరదు. నాలుగు అంగుళాలు ఎక్కడికెళ్ళాయో కోడలికి అర్థమైంది. అర్థమై, లేవలేక ఆ నేల మీదే ఉండిపోయింది. భర్తకీ అర్థమైనట్టుంది. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అత్తగారు అద్దం దగ్గరికి తీసుకెళ్ళమంది. కర్ర మీద బరువు వేసి నిలబడి పైనుంచి కిందిదాకా చూసుకుంది. కుట్లని కాదు, కోటు అమరికని చూసింది. పక్కకి తిరిగింది. జేబులో చెయ్యి పెట్టి చూసింది. నెల రోజులుగా ఆ ముఖంలో లేని వెలుగు వచ్చింది.

"సగమైపోయానన్నారు అందరూ" అంది. "ఆసుపత్రిలో ఆ నర్సు కూడా అదే మాట. మొన్న వీధిలో ఆ చూపులూ అవే. చూడు, అప్పట్లో ఎలా పట్టిందో ఇప్పుడూ అలాగే పట్టింది. బొత్తం కూడా వదులు లేదు."

అత్తగారు అద్దంలోంచే కోడలి వైపు చూసింది. వెతికినట్టు, కొంచెం భయపడినట్టు చూసింది. ఆ కళ్ళలో భయం కోడలు ఎప్పుడూ చూడలేదు.

"వీళ్ళు చెప్పరు. నువ్వు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. నేను చిక్కానా?"

కోడలు లేచి నిలబడింది. చేతి వేళ్ళకి బ్లేడు గాట్లు మండుతున్నాయి. నిజం ఆమె నోటి దాకా వచ్చింది. చాలా చిన్న మాట అది. చెబితే అత్తగారు ఈ కోటు విప్పేస్తుంది. విప్పితే ఇక వీధిలోకి రాదు.

"లేదత్తయ్యా" అంది. "ఎప్పట్లాగే ఉన్నారు."

"నాకు తెలుసు" అంది అత్తగారు. కర్ర అందుకుంది.

మెట్లు దిగడానికి పావుగంట పట్టింది. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. గుమ్మాల్లో ఒకరిద్దరు నిలబడి చూశారు. అత్తగారు వాళ్ళని చూసి తలపంకించి, మొదటి కరెంటు స్తంభం దాకా వెళదామంది. కోడలు పక్కన నడిచింది. అడుగు అడుగుకీ అత్తగారు మాట్లాడుతూనే ఉంది, ఆ మూల ఇంట్లో గోతి మూత ఎంత బరువుండేదో, ఈ ఇంట్లో పంపు ఎప్పుడూ కారేదని. కోడలు అన్నిటికీ ఊ కొట్టింది. రేపు రెండో స్తంభం దాకా వెళదామని అత్తగారంటే సరేనంది.